బైరు మాట్లాడని పేజీలు

నేత్రావతి కొత్త సంపుటం చదివే రోజున ఆమె మొగుడు అశోక్‌కుమార్ ఇంట్లో ఉండకూడదు. అది ఆ ఇంటి చట్టం. చేసింది నేత్రావతే. ఐదో సంపుటం చదువుతున్నప్పుడు అతను ఆమె కుర్చీ వెనక నిలబడి, పేజీ తిప్పినప్పుడల్లా ముఖంలోకి తొంగి చూస్తూ, "ఎట్లుండాది? ఎట్లుండాది?" అని ప్రాణం తోడేశాడు. ఆ సంపుటానికి ఆమె పదికి నాలుగు మార్కులు వేసింది. అందులో ఒక మార్కు అతని గొణుగుడికే పోయిందని ఇప్పటికీ అంటుంది.

అందుకే ఆ ఆదివారం పొద్దున, 'గడికావలి' ఆఖరి సంపుటం బొమ్మల కట్టను భోజనాల బల్ల మీద పెట్టి, అశోక్ బైకు తీసుకుని ఆనేకల్‌లో ఉన్న తల్లి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఫోన్ కూడా ఆపేశాడు. కథ గురించి ముందుగా ఒక్క ముక్క చెప్పకూడదు, మధ్యలో ఫోన్ చేయకూడదు. ఇవన్నీ ఆ చట్టంలో సెక్షన్లే.

'గడికావలి' బొమ్మల కథ చదవని వాళ్ళ కోసం రెండు మాటలు. అత్తిబెలె చెక్‌పోస్టు పక్కన సొన్నమ్మ అని ఒకావిడ టీ కొట్టు నడుపుతుంటుంది. ఆవిడ అరచెయ్యి ఎత్తి చూపిస్తే కదిలేది ఏదైనా కదలకుండా ఆగిపోతుంది. లారీ ఆగుతుంది, తూటా ఆగుతుంది, కూలే గోడ కూలుతూ కూలుతూ గాల్లోనే ఆగుతుంది. ముఖానికి కొంగు చుట్టుకుని రాష్ట్రాల గడి దగ్గర, అంటే సరిహద్దు దగ్గర, కాపలా కాస్తుంది కాబట్టి గడికావలి. "బెంగళూరులో బండ్లు ఆపేదానికి శక్తి ఏంటికప్పా, అవే ఆగుతాయి గదా!" అని మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత వరసలో నిలబడి కొన్నారు. తెలుగులో వచ్చిన కథ కన్నడంలోకి వెళ్ళింది, అక్కణ్ణుంచి తమిళంలోకి వెళ్ళింది. చివరికి పిల్లల పుట్టినరోజు కేకుల మీద కూడా ఎత్తిన అరచెయ్యి వేయించుకునేదాకా వచ్చింది.

కథా, బొమ్మలూ అశోక్‌వి. అక్షరాలు నేత్రావతివి. ఆమె తండ్రి దొడ్డప్ప అత్తిబెలెలో లారీల మీద పేర్లు రాసేవాడు. తెలుగు, కన్నడం, తమిళం, ఎవరికి ఏది కావాలంటే అది. ఆ చెయ్యే కూతురికి వచ్చింది. కంప్యూటరు అక్షరాలు వాడితే చవక, తొందర అని ఎంతమంది చెప్పినా ఆమె వినలేదు. "సొన్నమ్మ అరిస్తే అక్షరమూ అరవాల. మిషనుకు గొంతు యాడుంటాది?" అంది.

వాళ్ళ పని తీరు కూడా కాస్త వింతగానే ఉంటుంది. బొమ్మ గీసేటప్పుడే ఎవరు ఎంత మాట్లాడతారో చూసుకుని అశోక్ మాటల బుడగలను పెన్సిలుతో గీసి పెట్టాలి. తెలుగు అక్షరం బుద్ధిగా ఒక గీత మీద కూర్చునే రకం కాదు. పైన గుడి, కింద ఒత్తు, పక్కన కొమ్ము, సందు దొరికితే కాళ్ళు చాపుకుంటుంది. ముందే చోటు వదలకపోతే ఏ ఒత్తో పోయి సొన్నమ్మ ముక్కు మీద కూర్చుంటుంది. రెండో సంపుటంలో కూర్చుంది కూడా. అప్పటినుంచి ఖాళీ బుడగలతో బొమ్మలు, విడిగా మాటల కాగితాలు ఆమె చేతికి వస్తాయి. నేత్రావతి మాటల జోలికి పోకుండా ముందు ఉత్త బొమ్మలు చదువుతుంది. బుడగ తోక ఎటు తిరిగిందో చూస్తే ఎవరు మాట్లాడుతున్నారో, బుడగ లావు చూస్తే ఎంత మాట్లాడుతున్నారో ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ తర్వాత మాటలు కలుపుకుని గట్టిగా, పాత్రల గొంతులతో సహా, ఇంకోసారి చదువుతుంది. అప్పుడు మార్కులు వేస్తుంది. ఏడు దాటేదాకా అశోక్ దిద్దుతూనే ఉండాలి, దాటితేనే స్టాన్లీ అచ్చుకి పంపుతాడు.

స్టాన్లీ ప్రచురణకర్త. గుంటూరు మనిషి, మహదేవపురలో ఒక బేకరీ మీద రెండు గదుల్లో ఆఫీసు. "అక్క మార్కంటే సుప్రీంకోర్టు తీర్పే సార్, దాని మీద అప్పీల్ లేదు" అని అశోక్‌తో చాలాసార్లు అన్నాడు.

కానీ ఈసారి నేత్రావతి గుండెల్లో రాయిలా కూర్చున్నది మార్కుల సంగతి కాదు. బైరు సంగతి.

బైరు సొన్నమ్మ కొడుకు. మూడో సంపుటం గీస్తున్న రోజుల్లో నేత్రావతి కడుపుతో ఉంది. సరదాకి అశోక్ సొన్నమ్మకీ కడుపు గీశాడు. మగపిల్లాడైతే తన మామ పేరు బైరప్ప అని పెడదామని నేత్రావతి పట్టుబట్టింది. అంత పాత పేరు పెడితే బడిలో వెక్కిరిస్తారని అశోక్ అన్నాడు. వెక్కిరిస్తే వాడే చూసుకుంటాడు లెమ్మని ఆమె అంది. ఆ పోట్లాట తెగకుండానే, ఏడో నెలలో, బిడ్డ కడుపులోనే పోయాడు. మగపిల్లాడే.

బొమ్మల్లోంచి ఆ కడుపు తీసేద్దామని అప్పట్లో స్టాన్లీ మెల్లగా అన్నాడు. అశోక్ తల దించుకున్నాడు. నేత్రావతి మాత్రం గోడవైపు తిరిగి పడుకునే, "సొన్నమ్మకేమైంది? ఆమెను కననీండి" అంది. అలా కాగితం మీద బైరు పుట్టాడు. నాలుగో సంపుటంలో నడిచాడు. ఐదో దాంట్లో టీ గ్లాసులు పగలగొట్టాడు. ఏడో దాంట్లో పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం నేర్చాడు. తల మీద ఎప్పుడూ ఏదో లారీ డ్రైవరు వదిలేసిపోయిన ఖాకీ టోపీ, చెవులదాకా దిగిపోయి ఉంటుంది. ఆ భార్యాభర్తలు పోయిన బిడ్డ గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు. బైరు గురించి మాట్లాడుకోని రోజు లేదు. "వానికి పండ్లు ఊడే వయసొచ్చింది, ముందు పన్ను ఒకటి తీసెయ్" అని ఆమె అంటే, తర్వాతి పేజీలో బైరు బోసిగా నవ్వేవాడు. తర్వాత వాళ్ళకి పిల్లలు కలగలేదు. బయటివాళ్ళు చూస్తే దీన్ని పిచ్చి అంటారని ఇద్దరికీ తెలుసు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

ఆ మధ్య ఒక సభలో ఎవరో ఆఖరి సంపుటం గురించి అడిగితే అశోక్ మైకు పట్టుకుని, "ముగింపంటే ఖర్చుండాల. ఏ ఖర్చూ లేకుండా ముగిస్తే చదివేవాళ్ళను మోసం చేసినట్లే" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ మర్నాటినుంచి ఊరంతా ఖర్చు ఏమిటా అని లెక్కలు మొదలుపెట్టింది. సొన్నమ్మ చావదు, ఆమె చస్తే కథే లేదు. టీ కొట్టు కాలితే ఎవడికీ ఏడుపు రాదు. ఇంకెవరున్నారు? బైరు. తల్లి ప్రపంచాన్నంతా ఆపగలదు, కొడుకు చావును మాత్రం ఆపలేదు, ఆహా ఎంత గొప్ప ముగింపు అని ఫోన్లలో ముక్కూముఖం తెలియని వాళ్ళు తీర్మానాలు చేసేశారు. నేత్రావతి అవన్నీ చదివింది. చదివి, పక్కన కూర్చుని బొమ్మ గీస్తున్న మొగుణ్ణి ఒక్క మాట అడగలేకపోయింది. చట్టం తను చేసిందే మరి. అడిగితే అతను చెప్పేస్తాడేమోనని కూడా భయం.

ఆ ఆదివారం ఆమె కాఫీ కలుపుకుని, తలుపు గడియ పెట్టి, కట్ట విప్పింది. ఎలాంటి పరిస్థితుల్లోనూ చివరి పేజీ ముందు చూడకూడదన్నది కూడా ఆమె నియమమే. చూడలేదు.

మొదటి అధ్యాయం బాగుంది. లేఔట్ దొర అనే దుర్మార్గుడు వేలు పెట్టి చూపిస్తే చెరువు చదునై ప్లాట్లుగా మారిపోతుంది. రెండు పేజీలు కలిపి పరిచిన ఒక బొమ్మలో చెరువు సగం నీళ్ళుగా, సగం నంబర్లు వేసిన రాళ్ళుగా ఉంది. ఆ సరిహద్దులో ఒక కొంగ, ఒంటికాలు నీళ్ళలో, ఇంకో కాలు ప్లాటులో. నేత్రావతి ఆ బొమ్మ ముందు చాలాసేపు ఆగి, తన మొగుడు గొప్పవాడేనని ఒప్పుకుంది. ఆ మాట అతనికి చెప్పే ఉద్దేశం మాత్రం లేదు.

ఫ్లైఓవరు మీద యుద్ధం వచ్చేసరికి చిరాకేసింది. పేజీల తర్వాత పేజీలు అదే కొట్టుకోవడం. కార్లు ఎగరడం, పడడం, మళ్ళీ ఎగరడం. సోమవారం పొద్దుటి ట్రాఫిక్కైనా దీనికంటే ముందుకు కదులుతుంది. పెన్సిలు తీసుకుని అంచున 'కొయ్యి' అని రాసింది. లేఔట్ దొర బుడగలు మరీ గుమ్మడికాయల్లా ఉన్నాయి. అంత లావు బుడగలో ఉపన్యాసం తప్ప ఇంకేం పడుతుంది? అక్కడ 'వీని నోరు కుట్టు' అని రాసింది. తప్పులు పట్టుకుంటూ ఉంటే ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది. తప్పులున్న పుస్తకం మనుషులు రాసిందే, మనుషులు రాసింది దిద్దుకోవచ్చు.

ధైర్యం ఎంతోసేపు నిలవలేదు. మూడో అధ్యాయం సగంలో ఆమె చెయ్యి ఆగింది. రెండు పేజీలు వెనక్కి తిప్పింది, మళ్ళీ ముందుకు తిప్పింది. బైరు ప్రతి బొమ్మలోనూ ఉన్నాడు. చెరువులో గుర్రపుడెక్క ఆకుల చాటున పాక్కుంటూ దొర పాతిన రాళ్ళు పీకేస్తున్నాడు. కానీ వాడికి బుడగ లేదు. పుట్టినప్పటినుంచీ నోరు మూసుకోని పిల్లాడు, ఒక్క బొమ్మలోనూ ఒక్క మాట లేదు.

అశోక్ చెయ్యి ఆమెకు తెలిసినట్టు అతనికే తెలియదు. ఎవరినైనా చంపబోతుంటే, చంపడానికి ముందే వాళ్ళ మాటలు ఆపేస్తాడు. ఆరో సంపుటంలో సొన్నమ్మ తండ్రి సొన్నప్ప చనిపోయే ముందు ఒక అధ్యాయమంతా ముసలాయన నోట మాట లేదు. ఎందుకప్పా అని ఆమె అడిగితే, "ఏమో, పోయేవాని చేత మాట్లాడించబుద్ధి కాదు" అన్నాడు. ఆ తర్వాత ఆ ముసలాయన అప్పుడప్పుడు సొన్నమ్మ వెనక నిలబడి కనిపిస్తాడు, దయ్యంగా కాదు, జ్ఞాపకంగా. అప్పుడు ఒక నియమం పెట్టింది నేత్రావతే. "పోయినోళ్ళకు బుడగ పెట్టొద్దు. వాళ్ళ మాటలు మనం రాయకూడదు." చదివేవాళ్ళు కూడా దాన్ని పట్టుకున్నారు. గడికావలి లోకంలో బుడగ లేని మనిషి అంటే పోయిన మనిషి.

ఆమె పేజీ తిప్పింది. చెరువు కట్ట తెగింది. సొన్నమ్మ అరచెయ్యి ఎత్తింది. నీళ్ళు గోడలా గాల్లో నిలిచిపోయాయి. పేజీ తిప్పింది. సొన్నమ్మ బురదలో వెతుకుతోంది. తిప్పింది. నీళ్ళ మీద ఖాకీ టోపీ, ఒక్కటే.

ఇంకో పేజీ. పొద్దున, టీ కొట్టు. పాలు పొంగుతున్నాయి, లారీ డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. సొన్నమ్మ పక్కన బైరు, టోపీ లేకుండా, నోరు తెరిచి. బుడగ లేదు.

నేత్రావతి కట్ట మూసేసింది.

ముందు అశోక్‌కి ఫోన్ చేసింది. ఆపేసి ఉంది. ఉండకుండా ఎట్లుంటుంది, నియమం ఎవరిది? తర్వాత స్టాన్లీకి చేసింది.

"చెప్పండక్కా! మార్కులు వచ్చేశాయా? ఎన్ని?" అన్నాడు అతను హుషారుగా.

"సున్నా."

"అక్కా... సున్నా అంటే, పదిలో ఒకటి పక్కనుండే సున్నానా?"

"ఉత్త సున్నా. నేను అక్షరాలు రాయను. నీ మిషనుతో రాయించుకో పో."

"అక్కా, కవర్ ప్రింటైపోయింది, లాంచ్‌కి హాల్ బుక్ చేశాను, అసలు ప్రాబ్లం ఏంటో..." అని స్టాన్లీ వాక్యం మధ్యలో ఉండగానే ఆమె పెట్టేసింది. పాపం, ఆ పేజీలు అతనింకా చూడనే లేదు. ఆమెకంటే ముందు ఎవరూ చూడరు.

చివరికి ఆనేకల్‌లో అత్త నంజమ్మకు చేసింది.

"అత్తా, ఆయన యాడుండాడు?"

"మిద్దె మీద ఉండాడు పాపా. వచ్చినప్పట్నుంచి పిట్టగోడ పట్టుకొని నిలబడుకోనుండాడు. ముద్ద తినరా అంటే ఆకలి లేదంటాడు. ఏమి, మళ్ళా గలాటా చేసుకున్నారా?"

"గలాటా ఇంకా కాలేదత్తా. అయ్యేదుండాది. బిరిన రమ్మని చెప్పు."

"ఏమైందే? నీ గొంతు అట్లుండాదేమి? ఏడుస్తుండావా?"

"బైరును చంపేసినాడత్తా" అంది నేత్రావతి. అన్నాక గాని తను ఏడుస్తున్నట్టు తెలియలేదు.

నంజమ్మకు చదువు రాదు, బొమ్మలు మాత్రం కోడలు చూపించగా అన్నీ చూసింది. "వాడు అట్లాంటోడు కాదు పాపా. బాగా చూసినావా?" అని అడిగి, "ఒరే అశోకా!" అని కేక పెట్టి ఫోన్ పెట్టేసింది.

బాగా చూడకపోవడమేమిటి! ఇన్నేళ్ళుగా ఈ బొమ్మల్లో అక్షరం పట్టే సందు ఎక్కడుందో వెంట్రుకవాసి తేడా లేకుండా చూసిన కళ్ళివి. నేత్రావతికి ఒళ్ళు మండింది. ఆ మంటతోనే కట్ట మళ్ళీ విప్పి ఆ టీ కొట్టు పేజీని వెలుతురు కోసం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. మొగుడు రాగానే ముఖాన విసరడానికి, తప్పు ఎక్కడెక్కడ చేశాడో చూపించడానికి.

సొన్నమ్మ తల బైరు వైపు తిరిగి ఉంది. సరే, తల్లికి కనిపిస్తాడు. పోయిన సొన్నప్ప కూడా ఆమె ఒక్కదానికే కనిపించేవాడు. కానీ డ్రైవర్లు? బెంచీ మీద ఉన్న నలుగురూ బైరు వైపే చూస్తున్నారు. ఒకడు గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని నవ్వుతున్నాడు, టీ ఒలికిపోతోంది. పోయిన పిల్లాడు చెప్పేది వీళ్ళకెట్లా వినిపిస్తోంది?

ఆమె కాగితాన్ని దగ్గరికి తెచ్చుకుంది. బైరు తల పైన ఆకాశం ఖాళీగా ఉంది. అశోక్ ఆకాశాన్ని ఖాళీగా వదిలే మనిషి కాదు. కాకులు, కరెంటు తీగలు, విమానం, తీగకు చిక్కిన గాలిపటం, ఏదో ఒకటి కుక్కకపోతే అతనికి నిద్ర పట్టదు. ఆ విషయంలో ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు. ఇక్కడ కాకి ఈక కూడా లేదు. పైగా తీగలు బైరు తల దాకా వచ్చి, అక్కడ వంగి, పక్కనుంచి పోతున్నాయి. ఏ తీగైనా అట్లా వంగుతుందా? దేనికో దారి ఇచ్చినట్టు వంగాయి.

అక్షరాలు రాసేవాళ్ళకు ఖాళీ ఎప్పుడూ ఉత్త ఖాళీగా కనపడదు. ఇది నాలుగు వరసలు పట్టే చోటు. గుడులకు, ఒత్తులకు, కొమ్ములకు, కాళ్ళు బారచాపుకోవడానికి కూడా సరిపోయే చోటు.

తర్వాతి పేజీ తిప్పింది. బైరు పక్కన తెల్లటి గోడ, బొమ్మ లేదు, పోస్టరు లేదు, ఖాళీ. తర్వాతి పేజీలో బైరు వెనక ఖాళీ రోడ్డు. మూడో అధ్యాయానికి వెనక్కి వెళ్ళింది. గుర్రపుడెక్కల మధ్య, వాడి నోటి దగ్గర, ఆకులు పక్కకు జరిగి ఉన్నాయి. వాడు మాట్లాడుతున్నాడు. అన్ని పేజీల్లోనూ మాట్లాడుతూనే ఉన్నాడు. బుడగ మాత్రం ఎవరూ గీయలేదు. మాటల కాగితాలు తీసి చూస్తే, అక్కడా వాడి పేరు రాసి ఎదురుగా చోటు వదిలేసి ఉంది.

బతికే ఉన్నాడు.

నేత్రావతి కిటికీ కింద నేల మీదే కూర్చుండిపోయింది. గుండె మీది బండరాయి ఎవరో ఎత్తి అవతల పారేసినంత తేలికగా ఉంది. ఏడ్చింది, మధ్యలో నవ్వింది. కాసేపటికి ఆకలేసింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. లేచి, రాత్రి మిగిలిన చిత్రాన్నం గిన్నెలోంచే తిన్నది. తింటూ ఉంటే కోపం కూడా మెల్లగా తిరిగి వచ్చింది. ఒక్క బుడగ గీసి ఉంటే ఈ గుండెకోత తప్పేది కదా.

అశోక్ వచ్చేసరికి ఇంకా ఎండ తగ్గలేదు. హెల్మెట్ తియ్యకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం చూస్తే పరీక్ష తప్పిన పిల్లాడిలా ఉన్నాడు.

"అమ్మ చెప్పింది. నేను బైరును చంపినానంట" అన్నాడు.

"బుడగలు యాల పెట్టలేదు?"

"నేత్రా, ముందు నేను చెప్పేది..."

"బుడగలు యాల పెట్టలేదప్పా? పోయినోళ్ళకు బుడగ ఉండదని నీకు తెలీదా? నా ప్రాణం పోయి వచ్చింది!"

అశోక్ హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు. అతని ముఖంలో రంగు మారింది. ఆ నియమం సంగతి అతనికి నిజంగానే తట్టలేదని నేత్రావతికి అర్థమైంది. తను గీసిన బొమ్మను తను చదవడం ఈ మనిషికి ఎప్పుడూ చేతకాదు.

"అయ్యో దేవుడా" అన్నాడు మెల్లగా. "ఆ యోచనే రాలేదు నాకు. నీ మాటలకు ఎంత చోటు కావాల్నో నాకెట్ల తెలుస్తాది? తక్కువ గీస్తే తిడతావు, ఎక్కువ గీస్తే తిడతావు. అందుకని సుమ్నే ఖాళీగా వదిలేస్తిని."

"నా మాటలేంది? వాని మాటలు నువ్వు రాయాల గదా."

"వాని మాటలు నేనెప్పుడు రాసినా?" అన్నాడు అశోక్. "రాసింది ఒక్కటైనా నువ్వు ఉంచినావా? ఏడో దాంట్లో 'అమ్మా, నాకు భయమైతాది' అని నేను రాసిస్తే, అచ్చులో ఏమొచ్చింది? 'అమ్మా, నీకు భయమైతే నా చెయ్యి పట్టుకో' అని వచ్చింది. నాకు తెలీదనుకున్నావా? పుట్టినప్పట్నుంచి ఒక్క మాట వదలకుండా మార్చినావు."

నేత్రావతి ఆ పని దొంగతనంగా, ఎవరికీ తెలియకుండా చేస్తున్నాననే ఇన్నాళ్ళూ అనుకుంది. ఒక మాట మార్చేది, ఇంకో మాట కొట్టేసేది, అచ్చయి వచ్చాక మొగుడు ఏమీ అనకపోతే గమనించలేదులే అనుకునేది.

"నువ్వు మార్చిందే బాగుండె" అన్నాడతను. "వాడు అట్లనే మాట్లాడతాడు. నాకు వాడు కనపడతాడు నేత్రా. ఎట్ల నిలబడతాడు, ఎట్ల ఉరుకుతాడు, నిద్రలో కాళ్ళు యాడికి ఇసిరేస్తాడు, అంతా కనపడతాది. గొంతు మాత్రం వినపడదు. ఎంత కూర్చున్నా వినపడలేదు. నీకు వినపడతాదని తెలుసు. ఆఖరి దాంట్లో కూడా నేను రాసేది, నువ్వు దొంగతనంగా మార్చేది ఏంటికి? వానికి అమ్మవి నువ్వు. నువ్వే రాయి."

ఆ మాట వాళ్ళింట్లో అన్నేళ్ళలో ఎవరూ అనలేదు. నేత్రావతికి కళ్ళు మసకబారాయి. అయినా అడగవలసింది ఒకటి మిగిలిపోయింది, అది అడక్కుండా ఊరుకోలేకపోయింది.

"స్టేజీ మీద ఖర్చు ఖర్చు అన్నావు గదా. ఊరంతా బైరేనని అనుకున్నారు. నేనూ అనుకున్నాను."

అశోక్ ఆమె పక్కన నేల మీదే కూర్చున్నాడు. "ఒకసారి పోగొట్టుకున్నోణ్ణి మళ్ళా నా చేత్తో పోగొట్టుకుంటానా?" అన్నాడు. "అప్పుడు నేనేమీ చేయలేకపోతిని. ఇప్పుడు పెన్సిలు నా చేతిలో ఉండాది గదా."

పోయిన బిడ్డ గురించి మాట్లాడుకోవడం అంత కష్టమేమీ కాదని, ఇన్నేళ్ళు అనవసరంగా భయపడ్డామని ఆమెకు అనిపించింది. వీధిలో ఎవడో కారు హారను ఆపకుండా కొడుతున్నాడు. నంజమ్మ డబ్బాలో పెట్టి పంపిన రాగిముద్ద, పప్పుచారు అశోక్ అక్కడే తిన్నాడు.

"ఫ్లైఓవరు యుద్ధం సగం కొయ్యాల" అంది నేత్రావతి, అతను తింటుండగానే.

"సగమా! అందులో కార్లు గీసేదానికి నా నడుం విరిగింది."

"చదివేవాళ్ళ నడుం విరగకుండా చూడు. ఆ లేఔట్ దొర ఉపన్యాసం కూడా. అంత మాట్లాడేవాడు చెరువులు మింగడు, ఎలక్షన్లో నిలబడతాడు."

"అది సరే. కొంగ ఎట్లుండాది?"

"కొంగ పర్వాలేదు" అంది ఆమె. అశోక్ ముఖం వెలిగిపోయింది. ఆ ఇంట్లో 'పర్వాలేదు' అంటే ఏమిటో అతనికి తెలుసు.

చెయ్యి కడుక్కుని అతను ఆమె చూడని చివరి పేజీ తీసి బల్ల మీద పరిచాడు. పేజీ అంతా ఒకటే బొమ్మ. అత్తిబెలె చెక్‌పోస్టు, పొద్దుటి ఎండ. ఆనేకల్ వెళ్ళే బస్సు. పిల్లాడికి అక్కడ పెద్ద బడిలో సీటొచ్చింది, హాస్టల్లో ఉండి చదువుకోవాలి. కిటికీలోంచి బైరు నడుం దాకా బయటికి వంగి ఉన్నాడు, కొత్త చొక్కా, నూనె రాసి దువ్విన తల, నోరు తెరిచి ఏదో అంటున్నాడు. బస్సు కదలడం లేదు. చక్రాల కింది దుమ్ము కూడా లేచినది లేచినట్టే ఆగిపోయింది. రోడ్డు పక్కన సొన్నమ్మ, ముఖానికి కొంగు లేకుండా, అరచెయ్యి ఎత్తి నిలబడి ఉంది.

బైరు ముందు ఆకాశమంతా ఖాళీ.

"ఇదే ఖర్చు" అన్నాడు అశోక్. "ఇంతకంటే ఖర్చు నాకు తెలీదు."

నేత్రావతి చాలాసేపు ఆ బొమ్మను చూసింది. పిల్లాడి పళ్ళు సరిగా వచ్చాయి. మెడ పొడుగైంది. వాడు ఏమంటున్నాడో వినడానికి ఆమె పెద్దగా ప్రయత్నించవలసిన పని లేకపోయింది. అంత పెద్ద ఆకాశంలో చిన్న బుడగ ఒకటి గీసింది. అశోక్ ఇంత చోటు వదిలితే ఇంతేనా అన్నట్టు చూశాడు గాని, బుద్ధి తెచ్చుకుని ఊరుకున్నాడు. ఆమె కుంచె ముంచి, తండ్రి లారీల మీద రాసినట్టు నిదానంగా, గుండ్రంగా రాసింది. రాసి, అలవాటు ప్రకారం, బైరు గొంతుతో గట్టిగా చదివింది.

"అమ్మా, చెయ్యి దించు. బస్సు పోవాల."

అశోక్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కాసేపటికి ముక్కు చీదుకుని, "మార్కులు?" అని అడిగాడు.

నేత్రావతి కుంచె కడిగి, గుడ్డతో తుడిచి పక్కన పెట్టింది.

"స్టాన్లీకి ఫోన్ చెయ్యి" అంది. "పిల్లోడు బడికి పోయినాడని చెప్పు."